తోడు పిడికిలి

మేకపిల్ల బతికే ఉందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

తొమ్మిది రోజులు అది పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్‌లో, రేకు బల్ల మీద, ఎండిన అరటిదొప్పలా పడి ఉంది. ఊపిరి ఆడలేదు. గుండె కొట్టుకోలేదు. వేలితో తాకితే తోలు కరకరమంది. పదో రోజు పొద్దున డాక్టర్ ఇందుమతి గారు చేతి పంపుతో దాని మీద మంచులా సన్నగా నీళ్లు చల్లారు. ముందు ముక్కు నల్లబడింది. తర్వాత చెవులు మెత్తబడి వాలాయి. గంట గడిచింది. అది కాళ్లు తన్నుకుని లేచి, రెండుసార్లు తుమ్మి, పక్కనున్న మేడమ్ గారి కాగితాలు నమలడం మొదలుపెట్టింది.

మా అమ్మ ఉన్నచోటనే కూలబడింది. హుసేనమ్మ అంటే దేనికీ కూలబడే మనిషి కాదని ఊరంతటికీ తెలుసు.

“ఓసి నీ దుంపతెగ!” అంది మేకపిల్లతో. “చచ్చి లేచినా మేకబుద్ధి పోలేదు సూడు!”

మేడమ్ నవ్వుతూ ఏడ్చారు. ఆమె తమ్ముడు ఎప్పుడో రైల్వే గేటు దగ్గర, ఆగిపోయిన అంబులెన్సులో చనిపోయాడట. గేటు పడి ఉన్నది పదిహేను నిమిషాలే. ఆ పదిహేను నిమిషాలు మనిషిని ఆపగలిగితే చాలని ఆమె పదకొండేళ్లుగా వెతుకుతున్నారు. ఆ వెతుకులాటే ఆమెను మా ఊరి చెత్తకుప్ప దాకా తెచ్చింది.

మాది పల్నాడులో రావులమిట్ట. మా వీధి ఆడవాళ్లు రాతిపువ్వు ఏరతారు. మసాలాలో వేసే రాతిపువ్వే. అది నిజానికి పువ్వు కాదు. మంచు కొండల్లో రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్. నాచూ బూజూ కలిసి కాపురం చేస్తే పుట్టేదని మేడమ్ మొదటిరోజు చెప్పినప్పుడు, అమ్మ గోనె దులుపుతూ, “మొగుడూ పెళ్లాం కలిసున్నారు గనకే అంత ఘాటు,” అంది. ఏరేవాళ్లందరూ పడీపడీ నవ్వారు. నేను తల వంచుకున్నాను. నా తరఫున నవ్వడం, మాట్లాడడం, పోట్లాడడం అన్నీ అమ్మే చేసేది. బడిలో పేరు అడిగినా నేను నోరు తెరిచేలోపే, “నాగూర్‌బీ అండీ. దాని నోరు నేనే,” అనేది.

కొండల నుంచి లారీలో వచ్చే గోనెల్లో మంచి రాతిపువ్వుతో పాటు పుల్లలు, బెరడు, పనికిరాని రకాలు వస్తాయి. వాటిలో ఒకటి ముదురు గోధుమరంగుది. చిన్న పొదలాగా కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. చెట్లు కూడా పెరగలేని ఎత్తులో, గాలీ మంచూ తప్ప ఏమీ లేనిచోట నేలకు కరుచుకుని బతుకుతుందట. మేము జింకకొమ్ము అనేవాళ్లం. ఏరి పారేసేవాళ్లం. మేడమ్‌కి కావలసింది అదే. ఏళ్లకేళ్లు ఎండిపోయి ఉంటుంది, చావదు. తడి తగిలితే లేస్తుంది. అది ఆగడం ఎలాగో తెలిస్తే మనిషి ఆగడం ఎలాగో తెలుస్తుందని ఆమె నమ్మకం. పాడుబడిన బ్యారన్‌ను అద్దెకు తీసుకుని, మా వీధి ఆడవాళ్లనే ఏరే పనికి పెట్టుకుని, జింకకొమ్మును నానబెట్టి, వడగట్టి ఒక కషాయం తీశారు. మేకపిల్లను ఆపింది ఆ కషాయమే.

పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్న నాకు మేడమ్ ఒక భూతద్దం ఇచ్చారు. జింకకొమ్ములాగే కనిపించే రకం ఇంకొకటి ఉంది. రంగు అదే, పొదలా పెరగడం అదే. తేడా తెలుసుకోవడం నా పని.

“చూడు నాగూర్‌బీ,” అన్నారు మేడమ్. “మనది చదునుగా ఉంటుంది, తాటాకు చీలికలాగా. అంచున కనురెప్పల్లాంటి ముళ్లు. కింద వైపు, అంచు వెంబడే వరసగా తెల్ల గీత. రెండోది గుండ్రని పుల్ల. తెల్ల చుక్కలు ఉంటాయి గానీ ఒళ్లంతా చెదిరిపోయి ఉంటాయి. లోపలి గుజ్జు మీద ఈ మందు చుక్క వేస్తే మనది నారింజరంగుకి తిరుగుతుంది. రెండోది తిరగదు.”

రెండోదానికి నేను దొంగకొమ్ము అని పేరు పెట్టి డైరీలో రాసుకున్నాను. ఎరువుల కొట్టువాళ్లు నాయనకి ఇచ్చిన పాత డైరీ అది. రెండింటి బొమ్మలూ పక్కపక్కన వేశాను. దొంగకొమ్ము కషాయంతో ఎలుక ఆగలేదని, ఊరికే మందగించిందని, నీళ్లు చల్లినా మామూలు కాలేదని మేడమ్ చెప్పారు. అందుకే సగానికి సగం దొంగకొమ్ము ఉన్న మొదటి గోనెను పక్కన పెట్టేశారు. ఏరి తీసిన మంచిదంతా మేకపిల్లకే అయిపోయింది.

ఆషాఢంలో రెండో గోనె వచ్చింది. మేడమ్ పది చోట్ల నుంచి పది కొమ్మలు తీసి చుక్క వేశారు. పదీ నారింజరంగుకి తిరిగాయి. “బంగారంలాంటి సరుకు, మొత్తం నానెయ్యండి,” అని ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్లారు.

అమ్మ గోనె మూతి విప్పి నా వైపు చూసింది. “తోడు పిడికిలి ఎయ్యవే.”

మా వీధిలో కొత్త గోనె విప్పితే, పాత గోనెలోది ఒక పిడికెడు తీసి అందులో వెయ్యకుండా ఎవరూ చెయ్యి పెట్టరు. మా అమ్మమ్మ కాలం నుంచీ అంతే. పాలకి తోడు వేసినట్టు. పాత గోనె కొత్త గోనెను పిలుస్తుందట, పని తెగిపోకుండా ఉంటుందట. రాతిపువ్వుకి అది ఏ హానీ చెయ్యదు.

పాత గోనె అంటే ఆ దొంగకొమ్ముల గోనె. నాకు తెలుసు. నా చెయ్యి ఒక క్షణం ఆగింది. నలభై కిలోల్లో ఒక్క పిడికెడు, తర్వాత ఏరేద్దాంలే అనుకున్నాను. వేశాను. ఈలోపు వాన మొదలై, ఆరుబయట ఎండేసినవి లోపలికి చేర్చే హడావుడిలో గోనె మొత్తం నానబెట్టే తొట్టిలోకి వెళ్లిపోయింది. ఆ రోజు డైరీలో ఇలా రాశాను: “కొత్త గోనె విప్పాం. తోడు పిడికిలి వేశాను. పాత గోనెలోది. మేడమ్‌కి చెప్పాలి.”

చెప్పలేదు. పొద్దున చెబుదామనుకుంటే మేడమ్ ఎవరితోనో మాట్లాడుతున్నారు. మధ్యాహ్నం చెబుదామనుకుంటే తింటున్నారు. నాకు అలా అడ్డు వెళ్లి మాట్లాడడం చేతకాదు. రెండు రోజుల్లో కషాయం సిద్ధమైపోయింది.

మూడో రోజు కూడా వాన. పొద్దున తొమ్మిదింటికి అమ్మ బ్యారన్ వెనకాల పొయ్యి మీద టీకీ పెరుగుకీ పాలు కాస్తూ, తడుస్తున్న గోనె పట్ట లాగింది. దాని కింద రక్తపింజరి ఉంది.

మడమ పైన రెండు గాట్లు. పది నిమిషాల్లో కాలు తొడ దాకా వాచింది. నాయన సుభానీ పరుపులు కుట్టే చోటు నుంచి దారం సూదితో సహా పరిగెత్తుకొచ్చాడు. అంబులెన్సు వాగు అవతలి గట్టున ఆగిపోయింది. గుండ్లవాగు రోడ్డు మీద నిలువెత్తున పారుతోంది. విరుగుడు మందు ఉన్నది అవతలే. అమ్మ చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలైంది.

మేడమ్ నాయన వైపు చూశారు. “సుభానీ గారూ, నా దగ్గర ఉన్నది ఒక్కటే. మనిషికి ఎప్పుడూ ఇవ్వలేదు. వాగు తగ్గే దాకా ఆపుతాను. మందు రాగానే లేపుతాను. ఇవ్వమంటేనే ఇస్తాను.”

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మే మాట్లాడింది. “మేకనే లేపారు, నన్ను లేపలేరా? కానీండి మేడమ్. కాకపోతే లేసినాక నేను కాయితాలు తినను.”

మేడమ్ కషాయం సీసా చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగారు. “ఇందులో ఇంకేమీ కలవలేదు కదా? హుసేనమ్మా? నాగూర్‌బీ?”

నా పేరు పెట్టి అడిగారు. నేను నోరు తెరిచాను.

“ఏం కలుస్తయ్? నా సేత్తో ఏరా,” అంది అమ్మ, ఎప్పటిలాగే నా తరఫున. ఆ నొప్పిలో ఆమెకి పిడికిలి గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం గుర్తుంది. అయినా చెప్పలేదు.

కషాయం సన్నటి గొట్టంలోంచి చేతిలోకి దిగింది. అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. నా వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. “నా” అంది. అంతే. నోరు అలాగే ఉండిపోయింది. చెమట ఆరిపోయింది. రక్తం కారడం ఆగింది. ఒళ్లు నెమ్మదిగా మట్టిరంగుకి తిరిగింది.

నాకు ఇంకేమీ చెయ్యడం రాక డైరీ తీసి ఆ నోటి బొమ్మ వేసుకున్నాను. సగం తెరిచిన పెదాలు, పక్కన తేదీ.

అమ్మను ఆపిన ఆరో రోజు వాగు తగ్గింది. విరుగుడు మందు వచ్చింది. మేడమ్ మందు ఎక్కించి, నీళ్లు చల్లడం మొదలుపెట్టారు. గంట. రెండు గంటలు. మేకపిల్ల గుమ్మంలో నిలబడి చూస్తోంది. సాయంత్రం అయింది. అమ్మ లేవలేదు.

ఏడో రోజూ లేవలేదు. పదో రోజూ లేవలేదు. గుండె యంత్రంలో గీత దారం లాగినట్టు తిన్నగా ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఫోటో తియ్యమని మేడమ్ మొదటిరోజే నాకు చెప్పారు. నేల మీద సుద్దగీత, దాని మీద ఫోను పెట్టే స్టాండు. నేను తీస్తూనే ఉన్నాను. తీసిన ఫోటో వైపు చూసే ధైర్యం లేక అక్కడే వదిలేసి వచ్చేదాన్ని. మేడమ్ తిండి మానేశారు. నీళ్లు చల్లడం మాత్రం మానలేదు.

ఇరవై రెండో రోజు అమ్మ అన్నయ్య, దస్తగిరి మామ, పిడుగురాళ్ల నుంచి వచ్చాడు. వచ్చీ రాగానే బ్యారన్ ముందు మేడమ్‌ని నిలదీశాడు.

“నా సెల్లెలు పోయి ఇరవై రెండు రోజులైంది. మట్టి చెయ్యకుండా బల్ల మీద పెట్టి నీళ్లు కొడతా ఉన్నారు, తోటకూర మడికి కొట్టినట్టు. సాలు తల్లీ. మా మనిషిని మాకియ్యండి.”

మేడమ్ చేతి పంపు కింద పెట్టారు. “నన్ను క్షమించండి,” అన్నారు. “మేకపిల్లకి పట్టింది గంట. హుసేనమ్మ లేవదు.”

నాయన గోడకి ఆనుకుని చేతిలో లేని దారంతో ఏదో కుడుతున్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడు. మామ వెళ్లి గుంట తవ్వించాడు. మోసుకెళ్లడానికి జనాజా తెచ్చి గుమ్మంలో పెట్టారు. స్నానం చేయించడానికి మా వీధి ఆడవాళ్లు బిందెలతో వచ్చారు. వాళ్లు నీళ్లు కాస్తుంటే నేను లోపలికి వెళ్లాను. చివరిసారి చూసుకుందామని.

డైరీ తెరిచి బొమ్మ చూశాను. అమ్మను చూశాను.

బొమ్మలో పెదాలు సగం తెరిచి ఉన్నాయి. బల్ల మీద అమ్మ పెదాలు ముందుకు వచ్చి, గుండ్రంగా సున్నాలా ఉన్నాయి.

ఎవరూ ఆ మొహాన్ని ముట్టుకోలేదు. ఫోను తీసి మొదటి ఫోటో తెరిచాను. తర్వాతది. ఇంకొకటి. వేలితో గబగబా జరిపాను. నలభై నాలుగు ఫోటోలు. బడిలో నోటుబుక్కు మూలల్లో బొమ్మలు గీసి టపటపా తిప్పితే బొమ్మ నడిచినట్టు, నా చేతిలో, నా వేలి కింద, మా అమ్మ పెదాలు కదిలాయి. తెరుచుకున్నాయి. ముందుకు వచ్చాయి. కలుసుకున్నాయి. విడిపోయాయి. మధ్యలో కనురెప్ప ఒకసారి వాలి లేచింది.

నేను అరిచానట. నాకు తెలియదు. బయటికి వచ్చి జనాజా ముందు నిలబడ్డాను.

“పక్కకి జరగమ్మా,” అన్నాడు మామ.

ఫోను చాచాను.

“ఫోటోలు సూసే టైమా ఇది, పిచ్చిపిల్లా?”

“అమ్మ మాట్లాడతా ఉంది,” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ ఆగిపోయారు. నాయన ఫోను తీసుకున్నాడు. నేను వేలితో జరిపి చూపించాను. ఆయన మళ్లీ జరిపాడు. మూడోసారి జరిపి కింద కూర్చున్నాడు. బిందె పట్టుకున్న మీరాబీ పెద్దమ్మ వంగి చూసి, “యా అల్లా, ‘నాగూరూ’ అంటంది,” అని బిందె వదిలేసింది. నీళ్లు అందరి కాళ్ల కిందికీ పారాయి.

మేడమ్ ఫోను లాక్కున్నారు. ఆమె మొహంలో ఆశ వెలిగి, వెంటనే ఆరింది. “తోలు ఎండేకొద్దీ బిగుసుకుంటుంది,” అన్నారు. “అప్పుడు పెదాలు కదిలినట్టే ఉంటాయి. రెప్ప కూడా. ఈ కషాయం మనిషిని పూర్తిగా ఆపుతుంది నాగూర్‌బీ. ఆగినవాళ్లు మాట్లాడరు. మందగించేది రెండో రకంతో. అది ఇందులో లేదు. పది కొమ్మలు చూశాను.”

“ఇన్నావు గదా?” అన్నాడు మామ నాతో, మెత్తగా. “రా అమ్మా.”

ఇప్పుడు ఒక్క మాట చెబితే అమ్మను మట్టిలో పెట్టరు. ఆ మాట చెబితే అమ్మను అలా చేసింది నేనేనని అందరికీ తెలుస్తుంది. డైరీ తీసి మేడమ్‌కి ఇచ్చాను, ఆ రోజు పేజీ తెరిచి. ఆమె కళ్లద్దాలు నీళ్లతో మసకబారాయి.

“కనిపించడం లేదు. నువ్వే చదువు.”

చదివాను. అంతమందిలో, గట్టిగా, నా రాతను నేనే. “కొత్త గోనె విప్పాం. తోడు పిడికిలి వేశాను. పాత గోనెలోది. మేడమ్‌కి చెప్పాలి.”

మేడమ్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

“ఎందుకు చెప్పలేదు?” అన్నారు మేడమ్. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. “నేను నీ పేరు పెట్టి అడిగాను.”

నేరుగా లోపలికి వెళ్లి, వడగట్టిన పిప్పి ఉన్న బుట్టను తెచ్చి అందరి ముందూ పోశాను. భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. చదునువి, చదునువి, అంచు వెంబడి తెల్ల గీత, అంచున ముళ్లు. ఎంతసేపు వెతికానో తెలియదు. అప్పుడు దొరికింది. గుండ్రని పుల్ల. తెల్ల చుక్కలు ఒళ్లంతా చెదిరి. మేడమ్ తుంచి గుజ్జు మీద చుక్క వేశారు. రంగు తిరగలేదు.

“నలభై కిలోలకి ఒక్క పిడికెడు,” అన్నారు ఆమె, తనలో తాను. “రెండు రోజులు గోరువెచ్చటి నీళ్లలో...” అక్కడ ఆగిపోయి మా అందరి వైపు చూశారు.

“పెరుగైపోయింది,” అంది మీరాబీ పెద్దమ్మ. “తొట్టి తొట్టంతా తోడుకుంది.”

నాయన లేచి నిలబడ్డాడు. “బావా, గుంట అట్టాగే ఉండనీ. కొన్నాళ్లు ఆగుదాం.”

మేడమ్ గుండె యంత్రాన్ని విప్పి, కాగితం మీద గంటకు ఒక చుక్క మాత్రమే వేసేలా మార్చారు. మామ ఊరికి వెళ్లలేదు. బ్యారన్ అరుగు మీదే కూర్చున్నాడు. నాలుగో రోజు సాయంత్రానికి ఆ చుక్కలు ఒక గుట్టలా పైకి లేచాయి. తర్వాత రోజుకి దిగాయి. అక్కడి నుంచి తొమ్మిదో రోజున మళ్లీ లేచాయి.

అది అమ్మ గుండె. తొమ్మిది రోజులకి ఒకసారి.

దస్తగిరి మామ ఆ గీత మీద చెయ్యి పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “దీన్ని పూడ్సేవాణ్ణి,” అన్నాడు. “నా సేతుల్తో పూడ్సేవాణ్ణి.” ఆ రోజే వెళ్లి గుంటను తనే పూడ్చేశాడు, ఖాళీగా.

అమ్మ బతికి ఉంది. ఆ సంతోషం మాకు ఒక పూట కూడా నిలవలేదు. ఎందుకంటే నాయన అడిగాడు.

“మేడమ్, మరి ఎప్పుడు లేసిద్ది?”

మేడమ్ కలిసినదాన్ని విడదీసే దారి వెతుకుతున్నానని చెప్పారు. ఎన్ని ఎలుకల మీద ప్రయత్నించినా కావడం లేదని కూడా చెప్పారు. పెరుగును మళ్లీ పాలు చెయ్యలేం. అమ్మ ఒంట్లో విషమూ అంతే నెమ్మదిగా నడుస్తోంది, విరుగుడూ అంతే నెమ్మదిగా దాని వెనక వెళ్తోంది. విరుగుడే గెలుస్తుందని మేడమ్ నమ్మకం. గెలిచిందని తెలియడానికి నాకు ముసలితనం రావాలి.

“మనకి తొమ్మిది రోజులైతే హుసేనమ్మకి ఒక్క సెకను,” అన్నారు.

నాయన నా వైపు తిరిగాడు. “నేను ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతాననుకో. అది నాతో ఎంతసేపుంటదే?”

డైరీలో వేసి చూశాను. రెండుసార్లు వేశాను.

“ఇరవై నిమిషాలు నాయనా.”

ఆయన తల ఊపాడు. “టీ తాగినంతసేపు,” అని లేచి వెళ్లాడు. ఆ రోజు నుంచి పరుపులు కుట్టే బల్లను బ్యారన్‌లోకి మార్చుకున్నాడు. రోజూ అమ్మకి కనిపించేలా ఒకేచోట కూర్చుని కుడతాడు.

నలభై ఐదో రోజుకి అమ్మ మాట పూర్తయింది. తొంభై ఫోటోలు. మేమందరం పక్కపక్కన కూర్చుని ఎన్నిసార్లు తిప్పామో. పెదాలను చూసి మాట గుర్తుపట్టడం కూడా లైకెన్‌ను గుర్తుపట్టడంలాంటిదే. అంచులు చూడాలి, ఆకారం చూడాలి, పక్కదానితో పోల్చాలి. ముందు గుర్తుపట్టింది నాయనే.

“నాగూరూ, పాలు తోడేశావా?”

ఆ పొద్దున పొయ్యి మీద ఉన్న పాలు. పాము కరిచి, చిగుళ్ల నుంచి రక్తం కారుతూ, ప్రాణం ఆగిపోయే ముందు మా అమ్మకి గుర్తొచ్చింది ఆ పాలు. ఆ రోజు పొంగి పొయ్యిలో పడి మాడిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె అడిగి ఊరుకుంది. జవాబు కోసం చూస్తోంది. ఆమె లెక్కలో నేను ఇంకా ఆలస్యం చెయ్యలేదు. మేము కనిపించకుండా పోయామని, బ్యారన్‌లో ఏవో నీడలు పరిగెడుతున్నాయని మాత్రమే అనుకుంటూ ఉండాలి. ఆమె కంటికి కనబడాలంటే రోజులకొద్దీ ఒకచోట కదలకుండా ఉండాలి. జింకకొమ్ము రాతి మీద ఉన్నట్టు.

మేడమ్ కిటికీలన్నీ మూయించారు. నేను కూర్చున్నప్పుడే లైటు వేస్తారు. నేను లేస్తే ఆర్పేస్తారు, నాయన కుట్టేదీ ఆ లైటు వేళే. చీకట్లో అమ్మ కంటికి ఏమీ అందదు గనక, నేను లేని వేళ ఆమెకి లేనట్టే. రోజుకి ఎనిమిది గంటలు. అదే నీలం ఓణీ, అదే స్టూలు, ముందు అదే గిన్నె. గిన్నెలో రోజూ కొత్తగా తోడేసిన పెరుగు. పద్దెనిమిది రోజులు కూర్చున్నాను. ఫోటోల్లో అమ్మ కళ్లు గిన్నె మీదికి దిగి, మళ్లీ నా మీదికి వచ్చాయి. పెదవి చివర సన్నగా లేచింది. తెలిసింది. పాలు తోడుకున్నాయని తెలిసింది.

నేను చెప్పాల్సింది అది కాదు.

నేను ఏం చెయ్యబోతున్నానో చెబితే నాయన వద్దన్నాడు. “దానికెందుకే ఇప్పుడు? నొచ్చుకుంటది.” నేను వినలేదు. ఒకసారి అడిగినప్పుడు చెప్పలేదు. ఆ తప్పు ఇంకోసారి చెయ్యలేను. ఆయనే చివరికి పరుపు గుడ్డతో పట్టీ కుట్టి పైకప్పు వాసానికి కట్టాడు, నా చెయ్యి వాలిపోకుండా.

పాత గోనెను నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఇంకో కొత్త గోనె మూతి విప్పి పక్కన పెట్టుకున్నాను. కుడిచేతిని ఆ మూతి మీదికి చాచి పిడికిలి బిగించాను. వేళ్ల సందుల్లోంచి దొంగకొమ్ములు కనబడేలా. అలా ఇరవై ఏడు రోజులు. మా అమ్మకి మూడు సెకన్లు. మొదటి వారం భుజం మంటలెత్తింది. తర్వాత చెయ్యి నాది కాదనిపించింది. మేకపిల్ల వచ్చి నా ఓణీ నమిలి వెళ్లేది. ఇప్పుడది మేకపిల్ల కాదు, కడుపుతో ఉంది.

ఇరవై ఏడో రోజు సాయంత్రం చెయ్యి దించాను. మేడమ్, నాయన, నేను ఫోటోలు తిప్పాం.

అమ్మ కళ్లు పిడికిలి మీద ఆగాయి. కనుబొమలు దగ్గరకు వచ్చాయి. గోనె మీదికి వెళ్లాయి, కషాయం సీసా ఉండే అలమార వైపు వెళ్లాయి, తిరిగి నా మొహం మీదికి వచ్చాయి. ఆమెకి అర్థమైంది. పెదవి చివరన ఉన్న ఆ కొంచెం నవ్వు పోయింది. నేను ఫోను బోర్లా పెట్టేశాను.

ఫోటోలు తియ్యడం మాత్రం ఆపలేదు. మరో పది రోజులు తీశాను, చూడకుండా. పదకొండో రోజు నాయన నన్ను పిలిచి, ఫోను నా ముందు పెట్టి, తనే వేలితో జరిపాడు.

అమ్మ మొహంలో ఏమీ మారలేదు. నేను మొహమే చూస్తున్నాను.

“అక్కడ కాదే,” అన్నాడు నాయన. “సెయ్యి సూడు.”

బల్ల మీద వాలి ఉన్న అమ్మ కుడిచెయ్యి. మొదటి ఫోటోలో వేళ్లు చాచి ఉన్నాయి. తర్వాతదాంట్లో చిటికెనవేలు ముడిచింది. తర్వాత ఉంగరపు వేలు. ఒక్కొక్కటే, ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. చివరి ఫోటోలో బొటనవేలు వాటి మీద వాలింది.

పిడికిలి. వెయ్యమన్నది తనేనన్నట్టు, అమ్మ దాన్ని బల్ల మీది నుంచి తన గుండె వైపు తిప్పుకుంటోంది.

నా తరఫున మాట్లాడుతోంది.